తరుగు తూము

నరసరాజు గారి మాట తేనె. ఆ తేనెలో ఈగ పడి చచ్చి ఉందని షారోన్‌కు ఆ మధ్యాహ్నం వరకూ తెలియలేదు.

కొల్లేటికోట రేవు పక్కన ఆయన చేపల షెడ్డు. ముందు రేకుల పంచ, పంచలో కాటా, కాటా వెనక అద్దాల గది, ఆ గదిలో కంప్యూటరు. దాన్ని అక్కడ పెట్టి, కాటాతో కలిపి, మాట్లాడించింది షారోనే. నెల నెలా వచ్చి ఒకసారి చూసి వెళ్ళడం ఆమె పని. ఆ రోజు పని ముగించుకుని బయలుదేరబోతుంటే రాజుగారు ఆపారు. వెనక వసారాలో అరిటాకు వేయించి, కొరమేను పులుసు వడ్డింపించి, తాను తినకుండా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఇంకో ముక్క వేయించుకోండమ్మా. మొహమాటపడకండి. మీరు మా ఇంటి ఆడపడుచులాంటివారు."

"చాలండి."

"చాలంటే ఎలాగండీ? పెద్దపని చేసిపెట్టారు. చిన్నపని ఒకటి మిగిలిపోయింది. అదీ మీ చేతిమీదుగానే జరగాలండి."

చిన్నపని ఏమిటో ఆయన చెప్పలేదు. చుట్టూ తిప్పారు. తడి చేపకు నీళ్ళ తరుగు తీయడం కొల్లేటి వాడుక అన్నారు. తట్టకు ఇంత అని కాటావాడు నోటితో అరిచి తగ్గించేవాడనీ, జనం గొణిగేవారనీ, అది తమ తాతగారి నాడూ ఉన్నదేననీ అన్నారు. కంప్యూటరు వచ్చాక తరుగు పోయిందన్నారు. పోతే పోయిందన్నారు. అప్పుడు కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు.

"ఆ తరుగేదో మనం అరవకుండా, ఎవరి మనసూ నొప్పించకుండా, యంత్రమే తనలో తాను తీసేసుకుంటే ఎంత మర్యాదగా ఉంటుందండీ? పైకి ఏమీ తెలియక్కర్లేదు. ఆయ్. ఒక్క తలుపు తెరవాలటండి. మీరు మాత్రమే తెరవగలరట."

నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. మింగితే కడుపులోకి పోతుంది, ఉమిస్తే ఆకులో పడుతుంది. రెండూ చేయలేక షారోన్ చాలాసేపు ఆ ముద్దను నమిలింది. చింతపులుసు చేదెక్కింది.

తలుపు అన్న మాట ఆయనది కాదు. ఎవరో నేర్పిన మాట.

కంప్యూటరుకూ కాటాకూ నడుమ ఒక కార్డు ఉంది. ఆ కార్డుతో మాట్లాడాలంటే నంబర్లు వేసిన కొన్ని పోర్టుల గుండానే పోవాలి. పోర్టు అంటే ఏమిటని అడిగిన డెల్టా మనుషులకు షారోన్ తూము అని చెప్పేది. కాలువకు తూములెలాగో యంత్రానికి పోర్టులలాగ. ఒక తూములోంచి తట్ట బరువు బయటికి వస్తుంది. మరొక తూములోకి 'ఇక్కడినుంచి సున్నా అనుకో' అన్న ఆజ్ఞ వెళుతుంది. తట్ట కాటా మీద ఉండగానే ఆ ఆజ్ఞను కొంచెం పక్కకు నెడితే, కాటా ఆ కొంచెం బరువును మరిచిపోతుంది. పైనున్న ఎర్రంకెలు మాత్రం ఏమీ ఎరగనట్టే వెలుగుతాయి.

అందుకే ఏ ప్రోగ్రాము ఏ తూమును ముట్టవచ్చో తేల్చే అధికారం కెర్నెల్‌ది. యంత్రంలో అన్ని ప్రోగ్రాములకూ అడుగున ఉండి అన్నిటినీ నడిపేది అది. కాలువగట్టు మీద తాళాల గుత్తితో తిరిగే లస్కరు అనుకోవచ్చు. తాడేపల్లిగూడెం కాలేజీలో చదివిన నాటినుంచీ షారోన్ మనసు ఆ లస్కరు చుట్టూనే తిరిగింది. మిగతా పిల్లలు తెర మీద బొమ్మలు కదిలించి మురిసిపోతుంటే, తెరకు అడుగున, చీకట్లో, ఎవరికీ కనపడని చోట కాపలా కాసే ఆ నాలుగు వరసల మీద ఆమెకు ప్రేమ. కాటా కోసం లినక్స్ కెర్నెల్‌లో ఆ కాపలా భాగాన్ని తన చేతులతో తిరగరాసింది. తూకం ప్రోగ్రాముకు తప్ప ఆ తూములు మరి దేనికీ తెరుచుకోవు. యంత్రానికి యజమానిగా లోపలికి వచ్చినవాడు తట్టినా తెరుచుకోవు.

కాటా పెట్టిన రోజున రేవంతా వచ్చి మూగింది. కంప్యూటరు రాజుగారిది, కార్డు చేపల సొసైటీది, అలా ఒప్పందం. సొసైటీ ప్రెసిడెంటు అబ్బులు కార్డును తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి అందించాడు. అప్పుడు జనంలోంచి అచ్చమ్మ ముందుకొచ్చింది. కొల్లేట్లో దోనె నడిపి నడిపి భుజాలు నల్లరాయిలా తేలిన మనిషి. నోరు అంతకంటే గట్టిది.

"ఏమ్మాయ్, ఈ పెట్టెలో రాజుగారు సెయ్యి పెట్టలేరా?"

రాజుగారు పక్కనే ఉండి నవ్వారు. అందరూ నవ్వారు.

"పెట్టలేరు పిన్నిగారూ," అంది షారోన్. "నేను రాసినదాన్ని దాటి ఎవరూ పోలేరు. నాది పూచీ."

ఆ మాట మీద సొసైటీ చేపంతా ఈ షెడ్డుకే వస్తోంది. ఆ మాటే ఇప్పుడు ఆకులో పులుసై కారుతోంది.

"ఆ తూము తెరవనండి," అని లేచి చెయ్యి కడుక్కుంది.

రాజుగారి మొహంలో గీత కూడా కదలలేదు. "తొందరేమీ లేదండి. ఫణికిరణ్ గారితో ఒకమాట అనుకోండి. ఆయన చాలా మంచివారండి."

*

ఏలూరు పవరుపేటలో, మందులకొట్టు మీది మేడగది వాళ్ళ ఆఫీసు. ఫణికిరణ్, షారోన్ గూడెంలో ఒకే బెంచీ మీద చదివారు. కలిసి ఈ పని పెట్టుకున్నారు. అతను మనుషులతో మాట్లాడతాడు, ఆమె యంత్రాలతో మాట్లాడుతుంది. ఈ పంపకం ఇద్దరికీ నచ్చింది, ఆ సాయంత్రం దాకా.

"పులుసు తిన్నావా?" అన్నాడు ఫణి, ఆమె మెట్లెక్కి రాగానే.

షారోన్ గుమ్మంలోనే నిలబడిపోయింది. "నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి? ప్రోగ్రాము నేనే రాశాను. నీ లస్కరే దాన్ని లోపలికి పోనివ్వడం లేదు. అతనికి కాస్త చెప్పు తల్లీ."

"పేరేం పెట్టావు దానికి?"

"తరుగు." అని తన చమత్కారానికి తానే నవ్వుకున్నాడు. "బాగుంది కదూ? నువ్వు కవిత్వం రాసేదానివి, నువ్వే చెప్పాలి."

"సిగ్గు లేదూ నీకు?"

"ఉంది. ఆదివారాల్లో తీసి దులుపుకుంటూ ఉంటాను. చూడు, ఆకివీడులో ఒక కాటా అడుగుతున్నారు. ముదినేపల్లిలో వడ్ల కాటా ఒకటి. అన్నీ రాజుగారి మాట మీద ఉన్నాయి. ఎప్పుడూ తీసే తరుగే కదా షారోన్? కొత్తగా మనం కనిపెట్టిన పాపమా ఇది? నోటితో తీసేది యంత్రంతో తీస్తాం."

"నోటితో తీస్తే వినపడుతుంది."

"అబ్బ. నువ్వు తెరవకపోతే నేను తెరవలేననుకుంటున్నావా?"

అతను తెర తన వైపు తిప్పుకుని ఆమె రాసిన భాగాన్ని పైకి తీశాడు. ఒకట్లు, ఒకట్లు, ఒకట్లు. బారులు తీర్చిన తాటిచెట్లలా ఒకట్లు. నడుమ ఒకచోట చిన్న ఖాళీలా కొన్ని సున్నాలు.

"ఇదిగో, దొరికావు," అన్నాడు ఫణి. "ఊళ్ళో ఉన్న తూములన్నిటికీ ఒకటి పెట్టి, సరిగ్గా కాటా తూముల దగ్గరికొచ్చేసరికి సున్నా పెట్టావు. అంటే అక్కడ మూసేశావన్నమాట. నీ తూకం ప్రోగ్రాముకు మాత్రం ఎక్కడో దొడ్డిదారి పెట్టుకుని ఉంటావు. నాకు ఆ దారి కూడా అక్కర్లేదు. ఈ సున్నాలన్నీ చెరిపేసి ఒకట్లు నింపేస్తాను. అందరికీ అన్నీ తెరుచుకుంటాయి. గొడవ వదిలిపోతుంది."

షారోన్ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

ప్రాసెసరు అడిగే ప్రశ్న వేరు. దాన్ని తయారుచేసినవారు అలా నేర్పారు. ప్రోగ్రాము తూము దగ్గరికి వచ్చినప్పుడు 'అనుమతి ఉందా' అని అది అడగదు. 'అడ్డు ఉందా' అని అడుగుతుంది. ఒకటి ఉంటే అడ్డు ఉన్నట్టు. సున్నా ఉంటే దారి ఉన్నట్టు. ఫణి చూసి నవ్విన ఆ సున్నాలే ఆ గోడలో ఉన్న ఒకే ఒక్క ద్వారం. దొడ్డిదారి ఎక్కడా లేదు. ఉంటుందని అతను అనుకున్నాడు, అతనైతే పెట్టుకుని ఉండేవాడు గనక.

ఒక్క మాట చెబితే చాలు. కాని ఆ మనిషికి ఒక్క అక్షరం నేర్పినా తన నాలుక ఎంగిలవుతుందనిపించింది. నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాడి పళ్ళు, ఆ పళ్ళ సందున వక్కపొడి, వేళ్ళ కొసల్లో కీబోర్డు మీది మురికి, అన్నీ ఒక్కసారిగా పెద్దవై కనబడ్డాయి. ఒంటిమీద జెర్రి పాకినట్టయింది. సంచి తీసుకుని మెట్లు దిగింది.

"అలిగావా?" అని పైనుంచి కేకేశాడు ఫణి.

*

ఫోను శనివారం పొద్దున వచ్చింది. రాజుగారి గొంతులో తేనె అలాగే ఉంది, కాస్త పలచబడిందంతే.

"అమ్మా షారోన్ గారూ, కాటా మూగబోయిందండి. ఫణికిరణ్ గారు ఇక్కడే ఉన్నారు. ఆయనకేమీ పాలుపోవడం లేదు. తమరు ఒక్కసారి దయచేయాలి."

ఆలపాడు దగ్గర బస్సు దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. రేవు ఇంకా దూరం ఉండగానే కంపు ఎదురొచ్చింది. ముందు పచ్చివాసన, నాలుగు అడుగులు వేసేసరికి పులిసిన వాసన, పంచలోకి వచ్చేసరికి ముక్కులో పుల్ల గుచ్చినట్టు, గొంతులోకి చెయ్యి పెట్టినట్టు. తెల్లవారగట్ల పట్టిన బొచ్చెలూ శీలావతులూ తట్టల్లో వరసగా ఉన్నాయి. మెరుపు పోయి, కళ్ళు తెల్లబడి, మొప్పల ఎరుపు మట్టిరంగుకు తిరిగింది. పొట్టలు ఉబ్బుతున్నాయి. తట్టల కిందినుంచి జిగురునీళ్ళు పాయలుగా పారి ఆమె చెప్పుల కిందికి చేరాయి. ఈగలు ఎంత దట్టంగా ఉన్నాయంటే, దూరానికి తట్టల మీద నల్లగుడ్డలు కప్పినట్టుంది.

షెడ్డు వెనకే ఐసు ఉంది. కొండలా ఉంది. రంపపుపొట్టు కింద చల్లగా పడుకుని ఉంది. తూకం కాని చేపకు దాన్ని వేయరు. తూకం అయ్యేదాకా అది రాజుగారి చేప కాదు. తూకం వేయనిదే ఐసు లేదు, కాటా పలకనిదే తూకం లేదు. ఈ సంగతి రాజుగారు తట్టలు తెచ్చిన ఆడవాళ్ళకు ఎంతో ఓపికగా, ఏవండీ ఏవండీ అంటూ నచ్చజెబుతున్నారు.

అద్దాల గదిలో ఫణి చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"అన్నీ ఒకట్లే పెట్టాను షారోన్. ఒక్కటీ తెరుచుకోలేదు. నీ ప్రోగ్రాము కూడా లేవగానే చచ్చిపోతోంది. నన్ను ఇరికించడానికి ఏం చేశావు?"

"నేనేమీ చెయ్యలేదు."

"పాత కాపీ ఉందా?"

"నీ దగ్గర లేదా?"

లేదు. చెరిపేముందు దాచుకునే అలవాటు అతనికి లేదు.

షారోన్ కుర్చీలో కూర్చుంది. వేళ్ళు మీటల మీదికి వెళ్ళాయి. సున్నాలు ఎక్కడ ఉండాలో ఆమెకు పద్యంలా నోటికి వచ్చు. అవి తిరిగి రాస్తే కాటా పలుకుతుంది, ఐసు పడుతుంది, బయట ఆ తట్టల్లో మిగిలిందేదో మిగులుతుంది. కాని భుజం మీద ఫణి ఊపిరి వేడిగా తగులుతోంది. అతను చూస్తాడు. సున్నా అంటే తెరిచినట్టని ఈ క్షణాన నేర్చుకుంటాడు. ఇంటికి పోయి తన తరుగు ప్రోగ్రాముకూ అవే సున్నాలు రాసుకుంటాడు. అక్కడితో ఆమె పూచీ చచ్చినట్టే. రాయకపోతే చేప చస్తుంది. చచ్చిన చేపే మళ్ళీ చస్తుంది.

తెర పక్కన అద్దంలోంచి అచ్చమ్మ కనబడింది. తట్ట మీద తువ్వాలుతో ఈగలు తోలుతోంది. తోలిన చోటే అవి మళ్ళీ వాలుతున్నాయి.

షారోన్ మీటల మీదినుంచి చేతులు తీసేసింది. లేచి పంచలోకి వచ్చింది. నలుగురిలో మాట్లాడాలంటే ఆమెకు చిన్నప్పటినుంచీ అరచేతులు చెమర్చేవి. చర్చిలో వాక్యం చదవమన్నా వణికేది. ఇప్పుడు గొంతు పెంచింది.

"అబ్బులు గారూ, అచ్చమ్మ పిన్నిగారూ. ఈ యంత్రంలో మీ బరువు తగ్గించడానికి ఇంకో ప్రోగ్రాము పెట్టారు. నేను దానికి తూము తెరవనన్నాను. తెరవబోయి అన్నీ మూసేశారు. అందుకే కాటా ఆగింది. నేనిప్పుడు బాగుచేస్తే ఈ పూటకి నడుస్తుంది. రేపటినుంచి ఆ రెండోది కూడా నడుస్తుంది. ఆపడం నా చేతిలో లేదు."

అచ్చమ్మ ఈగలు తోలడం ఆపింది.

"అపార్థం చేసుకున్నారండి అమ్మాయిగారు," అన్నారు రాజుగారు మెత్తగా. "చదువుకున్న పిల్ల. ఎండలో వచ్చారు. మజ్జిగ పట్టుకురండర్రా."

అచ్చమ్మ ఆయన వైపు చూడలేదు. తువ్వాలు భుజాన వేసుకుని షారోన్ దగ్గరికి వచ్చింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"బుధవారం."

"కాటా మూగబోద్దని?"

"అదీ తెలుసు."

"తెలిసి నోరు మూసుకున్నావా?"

ఫణి మీద అసహ్యంతో మూసుకున్న నోరు. దాని మూల్యం ఇక్కడ తట్టల్లో ఉబ్బుతోంది.

"అయితే ఈ కంపులో నీ వాటా కూడా ఉందమ్మాయ్," అంది అచ్చమ్మ. "మా రాజుగారిది పెద్దవాటా. నీది చిన్నవాటా. ముక్కు మూసుకోకు."

అబ్బులు గొంతు సవరించుకున్నాడు. "పోనీ తెరిపించెయ్యండి పాపగారూ. అదీ తెరవండి, ఇదీ తెరవండి. తరుగెప్పుడు లేదు మనకి? ముందు ఐసు పడనియ్యండి."

వెనకనుంచి నలుగురైదుగురు "ఆయ్, అదే మంచిది" అన్నారు. దోచేవాడి మీద షారోన్‌కు పుట్టిన రోత, దోపిడీకి తలుపు తీయమనే ఈ నోళ్ళ మీదికీ పాకింది. ఆ వెంటనే తన మీదికే మళ్ళింది. వాళ్ళ చేపలు ఎండలో ఉన్నాయి, ఆమెవి లేవు.

"నోర్ముయ్ అబ్బులూ," అంది అచ్చమ్మ. తల ఎత్తి రేకుల కింద వాసాల వైపు చూసింది. అక్కడ పాత త్రాసు, రెండు పళ్ళేలు బోర్లించుకుని, గబ్బిలంలా వేలాడుతోంది. "ఏవండీ రాజుగారూ. అది దించండి."

"దానికి తరుగు ఎక్కువమ్మా. నీకు తెలియనిదా?"

"తెలుసండి. అది నోటితో అంటారుగా? నోటితో అన్నదానికి నోటితో జవాబు సెప్పుకుంటాం. గోడలో దూరి తీసేవోడితో ఎవడితో తగువాడతామండీ? దించండి. ఆయ్, దించితే ఐసు పడుద్ది, దించకపోతే ఈ తట్టలన్నీ ఎత్తి మీ అద్దాల గదిలో పోసి పోతాం. మీ ఏసీ గాలికి సల్లగా ఉంటాయి."

ఎవరో ఫక్కున నవ్వారు. కంపులో నవ్వు ఎలా పుట్టిందో తెలియదు, పుట్టింది. రాజుగారు కూడా నవ్వబోయారు. కుదరలేదు.

షారోన్ గదిలోకి తిరిగి వెళ్ళింది. మిషను ఆపింది. పెట్టె మూత తీసి, మరలు విప్పి, లోపల ధూళి పట్టి ఉన్న కార్డును పట్టుకుని లాగింది.

"ఏం చేస్తున్నావు?" ఫణి చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెయ్యి తియ్యి."

"అది లేకపోతే కాటాయే లేదు. ఆకివీడు లేదు, ముదినేపల్లి లేదు, ఆఫీసే లేదు."

"లేదు," అంది షారోన్. "తూమే లేనిచోట ఎవరికి తెరవాలన్న గొడవా లేదు."

అతని చెయ్యి చల్లగా, చెమటగా తగిలింది. ఆమె దాన్ని పక్కకు నెట్టి, నెట్టిన వేళ్ళను పమిటకు తుడుచుకుంది. కార్డు తీసుకెళ్ళి అబ్బులు చేతుల్లో పెట్టింది. "ఇది సొసైటీది. మళ్ళీ ఎవరు అడిగినా పదిమందిలో తప్ప ఇవ్వకండి." అబ్బులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తువ్వాలులో చుట్టుకున్నాడు. ముఖం చూస్తే కృతజ్ఞత లేదు. ఉండాలని ఆమె కోరనూ లేదు.

త్రాసు దిగింది. తుప్పు రాలింది. తట్ట పళ్ళెంలోకి ఎక్కింది. షారోన్ సంచి భుజాన తగిలించుకుని గట్టు వైపు రెండడుగులు వేసింది. గాలి కోసం, గాలి ఉన్న ఏ చోటికైనా పోవడం కోసం.

"ఎక్కడికి పిల్లా?" అంది అచ్చమ్మ వెనకనుంచి. "కంపు మాకొదిలేసి పోతావా? ఇటు రా. షెడ్డు గుమాస్తా త్రాసు ముల్లు సూస్తే మేం నమ్మం. మేం సూస్తే రాజుగారు నమ్మరు. నువ్వు సూడు. నీకు ఎవరూ ఏమీ కారు కదా, ఇప్పుడు."

షారోన్ వెనక్కి వచ్చింది. జిగురునీళ్ళలో చెప్పులు జారుతుంటే విడిచేసి, ఉత్త పాదాలతో త్రాసు ముందు నిలబడింది. కాలివేళ్ళ సందుల్లోకి పొలుసులు చేరాయి. ముక్కు మూసుకోలేదు. పళ్ళెంలో బొచ్చె ఒకటి తెల్లకన్నుతో ఆమెనే చూస్తోంది, దాని మూతిమీద ఈగ నడుస్తోంది.

"తరుగు మూడు కిలోలు," అన్నారు రాజుగారు పైకి, గట్టిగా. ఇన్నాళ్ళకు ఆయన గొంతు ఆయన గొంతులా వినిపించింది.

"ఒకటి," అంది అచ్చమ్మ.

"మూడమ్మా. నీళ్ళు కారుతున్నాయి చూడు."

"కార్పించింది ఎవరండీ? ఒకటి."

"సరే, రెండు. చెప్పండి అమ్మాయిగారూ, తూకం ఎంత?"

అందరూ ఆమె వైపు తిరిగారు. షారోన్ ముల్లు వైపు వంగి చూసింది.

"ముల్లు ఇంకా ఊగుతోందండి," అంది. "నిలబడనివ్వండి."